కోలారు కార్మికులు – శవపరీక్ష

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. అంతకుముందు నూఱేండ్లకు పైగా తెలుగు, తమిళ కూలీలు అచట భూగర్భమున దిగి, తుదకు మూడు కిలోమీటర్లకు మించిన లోతున రాతిని తొలిచిరి. 1940 దశకమున జరిగిన వైద్యపరీక్షలలో పదుగురిలో నలుగురికి మించి సిలికోసిస్ కలదని తేలినది. ఈ వ్యాధి పని మానిన పెక్కేండ్లకు గూడ బయటపడవచ్చును. అట్టి కార్మికుడు ఆసుపత్రిలో మరణించినప్పుడు శవపరీక్షను కోరవలసినవారెవరు?

ఇందుకు మార్గములు రెండు. మొదటిది పోలీసువారిది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను (పాత స్మృతిలోని 174వ సెక్షనే యిది) ఆత్మహత్య, హత్య, జంతువు, యంత్రము, ప్రమాదము, నేరశంక అను కారణములను పేర్కొనుచున్నది. వీనివలన మరణము సంభవించినచో పోలీసు అధికారి పంచనామా జరిపి, సందేహమున్న యెడల శవమును వైద్యునికడకు పంపును. బంధువుల సమ్మతితో పనిలేదు. గనిలో బండ విఱిగిపడి మరణించినవానికి ఈ మార్గము కలదు. మంచముపై దగ్గి దగ్గి మరణించినవానికి లేదు. ఆ పట్టికలో రోగమునకు చోటు లేదు.

రెండవది ఆసుపత్రిది. వ్యాధినిర్ణయమునకై వైద్యుడు కోరవచ్చును, లేదా కుటుంబమే కోరవచ్చును. దగ్గఱి బంధువు వ్రాతపూర్వకముగ సమ్మతింపవలయును. అయితే అడుగుటకు వైద్యునికి సంకోచము, దహనమునకు ఇంటివారికి తొందర. మరణపత్రములో క్షయ యని వ్రాసి యిచ్చినచో అంతటితో సరి. సిలికోసిస్ ఉన్నవానికి క్షయ సులభముగ సోకుననుట వైద్యులెల్లరు నెఱిగినదే. కాని నష్టపరిహారపు చట్టము ప్రకారము మరణమునకు సిలికోసిస్ ముఖ్యహేతువైననే క్షయతోగూడిన ఆ వ్యాధికి పరిహారము. ఆ హేతువు ఊపిరితిత్తులలో నున్నది, చితిపై కాలిపోవుచున్నది.

ఎక్సురే చాలునని వైద్యమిత్రు లందురు. తీయించుకొన్నవారికి చాలునేమో!

దక్షిణాఫ్రికాలో 1973 నాటి శాసనము ననుసరించి, బంధువులు సమ్మతించినచో, మృతుడైన గనికార్మికుని గుండెను, ఊపిరితిత్తులను జొహాన్నెస్‌బర్గునందలి సంస్థకు పంపి పరీక్షింతురు. ఆ ఫలితమును బట్టి కుటుంబమునకు పరిహారము నిర్ణయింతురు. అక్కడను బంగారమే, ఇక్కడను బంగారమే.

క్రొత్త శాసనము వచ్చుదాక వేచియుండ నక్కఱలేదు. రోగి చేరినప్పుడే పూర్వము చేసిన పని యేదో చీటీపై వ్రాయవచ్చును. మరణించినప్పుడు తెలుగు, కన్నడ, తమిళములలో అచ్చొత్తిన సమ్మతిపత్రమును ఇంటివారి కిచ్చి, ఏ అవయవమును ఏల తీయుదురో చదివి చెప్పవచ్చును. వలదన్నచో వలదు. సూర్యాస్తమయానంతరము గూడ, వసతులున్న ఆసుపత్రులలో, శవపరీక్ష జరుపుటకు 2021 నవంబరులో కేంద్రప్రభుత్వ మనుమతించినందున తెల్లవాఱుదాక శవమును నిలుపవలసిన యిక్కట్టు కొంత తగ్గినది.

గనులు మూసినను, కోలారు జిల్లా రాతిక్వారీలలో, కంకర మిల్లులలో రాతిదుమ్ము నేటికిని లేచుచున్నది. పరిహారపు దావాకు మరణదినమునుండి రెండేండ్లే గడువని మన వకీలు సోదరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.