పదకొండు దినముల లెక్క

పదకొండు దినములు సిగరెట్టు ముట్టని మిత్రుడొకరు పన్నెండవనాడు పరీక్షా పత్రములు దిద్దుచు ఒకటి వెలిగించినారు. చేసిన ప్రయత్నమంతయు బూడిదపాలైనదని వారి పరితాపము.

కాలినది ఒక్క సిగరెట్టు; పదకొండు దినములు కాలిపోలేదు. మానిన మూడు నాలుగు దినములలోనే నికోటిన్ దాదాపుగా శరీరమును వీడిపోవును. చిరాకు, నిద్రలేమి మిక్కిలి బాధించునది మొదటి వారముననే. ఆ గండమును వారు దాటినారు. మిగిలినది వేళకు అంటిపెట్టుకొన్న అలవాటు: కాఫీ గ్లాసు, ఎఱ్ఱసిరా కలము, ఊరకుండలేని వ్రేళ్లు. ఆ కోరిక నిలుచునది కొద్ది నిమిషములు. రెండు పత్రములు దిద్దునంతలో సడలును. ఏడాది నిలువగలిగినచో గుండెజబ్బు ముప్పు పొగత్రాగువారి ముప్పులో ఇంచుమించు సగమునకు దిగును.

‘కన్యాశుల్కము’లో గిరీశము పొగాకునకు అమృతముతో చుట్టరికము కలిపినాడు. ఆ ఘట్టము చదివి తరగతిలో పిల్లలను నవ్వించిన పాపములో మాకును భాగము కలదు.

అయ్యా, లెక్క మరల ఒకటినుండి మొదలు పెట్టనక్కరలేదు. పెట్టెలో మిగిలిన తొమ్మిదింటిని నేడే నీళ్లపాలు చేయుడు. దిద్దవలసిన కట్టలు ఇంకను ఉన్నవి గదా. రేపు ఆ వేళకు మేమును వచ్చి ప్రక్కన కూర్చుందుము.