పడని అడ్డుకర్ర.. దాటించే అయ్యవారు

తెల్లవారుజామున బాగలూరు రోడ్డు మీదో, డెంకణికోట దారిలోనో పోతే పరుగెత్తే పిల్లగాళ్లు కనబడతారు. ఒకడికి పోలీసు సెలెక్షన్, ఇంకొకడికి మిలిటరీ, మరొకడికి స్కూలు పోటీలు. కాళ్లకు బూట్లున్నవాళ్లు కొందరు, లేనివాళ్లు కొందరు. రాగి చేను గట్టు అడ్డమొస్తే ఎక్కి దూకుతారు. కాలవ అడ్డమొస్తే ఆగకుండా దాటేస్తారు. ఇలాంటి పరుగుకు ఒలింపిక్స్‌లో ఒక పేరుంది: స్టీపుల్‌ఛేజ్. ఆ మాటెత్తితే మన సరిహద్దు ఊళ్లలో వచ్చే జవాబు ఒకటే. ‘దానికి పెద్ద కోచ్ కావాలి, మనకెక్కడ దొరుకుతాడు?’ సరే, పెద్ద కోచ్ అంటే ఎవరు? అది తేలితే మనకు దొరుకుతాడో లేదో కూడా తేలుతుంది.

ముందు ఆట సంగతి. దూరం 3000 మీటర్లు. దారిలో 28 అడ్డుకర్రలు, వాటికి తోడు ఏడుసార్లు నీటి గుంట. కర్ర ఎత్తు మగవాళ్లకు మూడడుగులు, ఆడవాళ్లకు రెండున్నర. హర్డిల్స్‌లో కాలు తగిలితే కర్ర పడిపోతుంది. ఇక్కడ పడదు, మనిషే పడతాడు. గుంపులో పరుగెత్తేటప్పుడు ముందువాడి వీపు తప్ప అడ్డు కనబడదు. ఎంత ఆరితేరినవాడికైనా ఇది ప్రమాదమే. భారత్ తరఫున అందరికన్నా వేగంగా పరుగెత్తిన అవినాశ్ సాబ్లే అంతటివాడు 2025 జులైలో మొనాకో పోటీలో నీటి గుంట దగ్గర పడి మోకాలు దెబ్బతీసుకున్నాడు.

భయం తీయడమే మొదటి పాఠం

అందుకే ఈ ఆటలో కోచ్ పని గడియారం చేతబట్టుకుని ‘ఇంకా జోరుగా’ అని అరవడంతో అయిపోదు. అడ్డును చూసి భయపడ్డ పిల్లవాడు దాని ముందు చిన్న చిన్న అడుగులు వేస్తాడు. అక్కడ జోరు పోతుంది, మళ్లీ జోరందుకోవడానికి ఊపిరి ఖర్చవుతుంది. ఇలా 35 సార్లు జరిగితే ఎంత దమ్మున్నవాడైనా చివరి చుట్టులో చేతులెత్తేస్తాడు. కుడికాలు ముందుపెట్టి దాటడం వచ్చినవాడికి ఎడమకాలితోనూ నేర్పాలి. అలసిపోయాక ఏ కాలు ముందుకొస్తుందో ఎవరూ చెప్పలేరు కదా. మంచి కోచ్ ఇదంతా పిల్లవాడు తాజాగా ఉన్నప్పుడు కాక, అలసిపోయినప్పుడు గమనిస్తాడు. లోపమంతా బయటపడేది అప్పుడే.

రెండో గుణం ఓపిక. సాబ్లేది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా. పన్నెండో తరగతి కాగానే సైన్యంలో చేరాడు. సియాచిన్ మంచులో పనిచేశాడు. 2015లో క్రాస్‌కంట్రీ మొదలుపెట్టాడు. అతణ్ణి స్టీపుల్‌ఛేజ్‌కు మళ్లించింది సైన్యంలోని కోచ్ అమ్రీశ్ కుమార్. అప్పటికి సాబ్లేకు ఇరవై రెండేళ్లు దాటాయి. మరుసటి ఏడు, 2018లో, గోపాల్ సైనీ పేరిట 37 ఏళ్లుగా చెక్కుచెదరని జాతీయ రికార్డును బద్దలుకొట్టాడు.

మధ్యలో సాబ్లే కొన్నాళ్లు జాతీయ శిబిరంలో నికొలాయ్ స్నెసరెవ్ దగ్గర శిక్షణ పొందాడు. ఆయన తక్కువవాడు కాదు. లలితా బాబర్‌ను 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్ దాకా తీసుకుపోయిన కోచ్. అయినా ఆ పద్ధతి సాబ్లేకు పడలేదు. తిరిగి అమ్రీశ్ కుమార్ దగ్గరికే వచ్చేశాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒకరికి సరిపోయిన మందు ఇంకొకరికి పనిచేయదు. పిల్లవాణ్ణి తన పద్ధతికి లాగడం కాదు, పిల్లవాణ్ణి బట్టి పద్ధతి మార్చుకోవడం తెలిసుండాలి. ఆ తర్వాత సాబ్లే అమెరికాకు చెందిన స్కాట్ సిమన్స్ దగ్గరా నేర్చుకున్నాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో స్వర్ణం చేజారి రజతం తెచ్చాడు. 1998 నుంచి 2018 దాకా ఆ పోటీలో మూడు పతకాలూ కెన్యావాళ్లవే.

ఆ కెన్యాలో మాత్రం గొప్ప కోచ్‌లు ఎక్కణ్ణుంచి వచ్చారు? ఐర్లండ్ నుంచి కోల్మ్ ఓకానెల్ అనే క్రైస్తవ బ్రదర్ 1976లో ఇటెన్ ఊరి బడికి భూగోళం చెప్పడానికి వచ్చాడు. పరుగు గురించి ఆయనకేమీ తెలియదు. పిల్లలు పరుగెత్తుతుంటే చూశాడు, వాళ్లు చెప్పింది విన్నాడు, ఏళ్ల తరబడి ఆ ఊరు వదలలేదు. 1992 ఒలింపిక్స్ స్టీపుల్‌ఛేజ్ విజేత మాథ్యూ బిరిర్ ఆ బడి విద్యార్థే. ఇటెన్ 2400 మీటర్ల ఎత్తున ఉంది, హోసూరు దాదాపు 900 మీటర్లే, నిజమే. ఎత్తును తెచ్చుకోలేం. చూపు, ఓపిక తెచ్చుకోవచ్చు కదా.

మనకున్నదేమిటి?

ఇక మన సంగతి. హోసూరు, తళి, శూలగిరి, వేపనపల్లి బడుల్లో ఒకే తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, కన్నడం మాట్లాడేవాళ్లు, తమిళం మాట్లాడేవాళ్లు ఉంటారు. ‘భయమేస్తోంది సార్’ అనే మాట ఎవరికైనా ముందు ఇంటి భాషలోనే వస్తుంది. దాన్ని అందుకోగల డ్రిల్లు అయ్యవారు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లలో కొల్లలు. సరిహద్దు బతుకు మనకు మూడు భాషలిచ్చింది. అన్నిచోట్లా దాన్ని ఇబ్బందిగానే లెక్కేస్తున్నాం. మైదానంలోనైనా బలంగా లెక్కేయాలి.

ఖర్చు మాటకొస్తే, మొదట్లోనే నీటి గుంట తవ్వక్కర్లేదు. లాంగ్‌జంప్ ఇసుక గుంట ముందు గట్టి కర్ర నిలబెట్టినా అడుగు నేర్పొచ్చు. పరిశ్రమల ఊరైన హోసూరులో అలాంటిది తయారుచేయడానికి వెల్డింగ్ షాపులకు కొదవా? కొదవంతా గేమ్స్ పీరియడ్‌కే. పరీక్షలు దగ్గరపడితే ముందు ఎగిరిపోయేది అదే. రెండోది, ఒక పిల్లవాణ్ణి ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఒకే అయ్యవారు చూసుకునే వీలుండాలి. ఏడాదికొకరు మారితే పిల్లవాడి ఏ కాలు బలమైందో తెలిసేసరికి బదిలీ కాగితం వస్తుంది. విద్యాశాఖ, క్రీడాశాఖ కూర్చుని ఆలోచించాల్సింది దీని గురించి.

చివరిగా అన్నిటికన్నా కష్టమైన గుణం ఒకటుంది. పిల్లవాడు తన చేతిని దాటి ఎదిగాడని తెలిసిన రోజున వదలగలగాలి. ఇక్కణ్ణుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లే. కంఠీరవ స్టేడియంలో మంచి ట్రాక్ ఉంది, స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రం కూడా ఆ నగరంలోనే ఉంది. ‘నా శిష్యుడు’ అని పట్టుకు కూర్చోకుండా పొద్దున్నే బస్సెక్కించి అక్కడ అప్పగించి రావాలి. రేపు పేపర్లో పెద్ద కోచ్ ఫొటో పడొచ్చు, తన పేరు పడకపోవచ్చు. ఆ సంగతి తెలిసీ బస్సెక్కించే అయ్యవారే పెద్ద కోచ్. అలాంటివాళ్లు మన ఊళ్లలో దొరకరని ఎవరన్నారు?