పేర్లు తారుమారు

మా తెలుగు శాఖలోని పాత లైనక్స్ కంప్యూటరుకు నెట్‌వర్క్ కార్డులు రెండు: ఒకటి ఇంటర్నెట్టుకు, ఒకటి కాలేజీ యంత్రాలకు. మొన్న కరెంటు పోయి వచ్చింది. రెండూ పలకడం మానేశాయి. సాయంత్రంలోగా మార్కులు పంపాలి! కార్డు చెడిందని తిట్టిపోశాను.

మా క్లాసు కవలల్లో చిన్నవాడు వచ్చి చూశాడు. "కార్డులకేం కాలేదు మాస్టారూ! ముందు కనిపించినదానికి ఈత్ సున్న, తరువాతదానికి ఈత్ ఒకటి అని పేర్లు పెట్టే పాత పద్ధతి ఇది. ఈసారి వరుస మారింది" అన్నాడు. ప్రతి కార్డుకూ పుట్టుమచ్చలా 48 బిట్ల మ్యాక్ చిరునామా ఉంటుందట. దాన్నిబట్టి పేర్లు ఖాయం చేశాడు. మార్కులు వెళ్లాయి.

వెళుతూ, "కిందటివారం అల్లరి చేసింది మా అన్న, మాస్టారూ" అన్నాడు మెల్లగా.

నేను బయట నిలబెట్టింది వీణ్ణి! చూశారా, ఊరికే తిట్లు తిన్నది కార్డు ఒక్కటే కాదు.