ఇంటర్వ్యూ అయిపోయిందా? ఊరు చూసి రండి!

2019 ఆగస్టులో మొహాలీలో ఓ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. తెనాలి నుంచి ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. దాదాపు రెండు రోజుల ప్రయాణం. ఇంటర్వ్యూ మాత్రం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నెట్‌వర్కింగ్ మీద ప్రశ్న అడిగారు. నోట్స్‌లో ఉన్న నిర్వచనం అప్పజెప్పాను. ‘అది సరే, ఏదైనా ఉదాహరణతో చెప్పు’ అన్నారు. నోరు పెగల్లేదు. సాయంత్రానికి ‘సారీ’ అంటూ మెయిల్ వచ్చేసింది.

ఢిల్లీలో నా తిరుగు రైలు ఎల్లుండి. ఇంటికి ఫోన్ చేసి, ‘డబ్బులు దండగైపోయాయి నాన్నా’ అన్నాను. ఆయన కాసేపు ఆగి, ‘ఎలాగూ అంత దూరం వెళ్లావు. రూమ్‌లో కూర్చుని ఏం చేస్తావ్? రేపు ఊరు చూసి రారా’ అన్నారు. మొహాలీ పక్కనే చండీగఢ్. సరేనని బయల్దేరాను.

‘ఉద్యోగం లేనోడికి టూరిజం ఎందుకు?’ అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఇప్పుడైతే ఒప్పుకోను. ఇంటర్వ్యూకో, పరీక్షకో దూరం వెళ్తే, వీలుంటే ఒక రోజు అక్కడ ఉండి ఊరు చూడాలి. ఎందుకో ఆ ఒక్క రోజు సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది.

దేశ విభజనలో లాహోర్ పాకిస్తాన్‌కి వెళ్లిపోవడంతో మన పంజాబ్‌కి కొత్త రాజధాని కావాల్సి వచ్చింది. శివాలిక్ కొండల దగ్గర చండీగఢ్ కట్టడం మొదలుపెట్టారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా మన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే, సరిగ్గా ఆరు రోజుల తర్వాత చండీగఢ్‌ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ లాంఛనంగా ప్రారంభించారు. ఊరి ప్లాన్‌కి తుదిరూపం ఇచ్చింది ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే.

ఊరంతా సెక్టార్లే. ఒక్కోటి సుమారు 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు. రోడ్లకి వీ1 నుంచి వీ7 దాకా ఏడు స్థాయిలు. వేరే ఊళ్ల నుంచి వచ్చేది వీ1. సెక్టార్ల చుట్టూ వాహనాలు వేగంగా వెళ్లేది వీ3. దానివైపు ఇళ్ల గుమ్మాలు ఉండవు. సెక్టార్ లోపల అంగళ్లుండే వీధి వీ4. ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లేది వీ6. పచ్చని చోట్ల గుండా నడిచేవాళ్లకి వీ7. బస్సులో కూర్చుని ఫోన్‌లో ఇదంతా చదువుతుంటే ముందురోజు ప్రశ్న గుర్తొచ్చింది. పెద్ద నెట్‌వర్క్‌లో కోర్, డిస్ట్రిబ్యూషన్, యాక్సెస్ అని పొరలు ఎందుకు పెడతారో కళ్ల ముందే ఉంది. అచ్చంగా ఒకటే అనను గానీ, ఆలోచన అదే. ఇంటికి వెళ్లే ట్రాఫిక్కూ ఊరు దాటే ట్రాఫిక్కూ ఒకే దారిలో పడితే రెండూ ఆగిపోతాయి.

పొద్దున్నే సుఖ్నా లేక్‌కి వెళ్లాను. 1958లో వానాకాలపు వాగుకి అడ్డంగా కట్ట వేసి చేసిన చెరువిది. కట్ట మీద నడుస్తుంటే వాన తెరిపిచ్చి కొండలు కనిపించాయి. పక్కనే క్యాపిటల్ కాంప్లెక్స్. అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయం అక్కడే. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గుర్తింపు కార్డు చూపించి గైడ్‌తో కలిసి వెళ్లాలి కాబట్టి ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. గాలివాటానికి తిరిగే 26 మీటర్ల ‘ఓపెన్ హ్యాండ్’ ఉండేదీ అక్కడే.

అక్కడికి దగ్గర్లోనే రాక్ గార్డెన్. ఇది ఏ ప్లాన్‌లోనూ లేదు! నేక్‌చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టర్, ఊరి కోసం పడగొట్టిన పల్లెల నుంచి విరిగిన పింగాణీ, పగిలిన గాజులు, రాళ్లు ఏరుకొచ్చి, కట్టడాలు నిషేధించిన అటవీ భూమిలో ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి బొమ్మలు చేశాడు. అధికారుల కంట పడ్డాక దాన్ని పడగొట్టేస్తారనుకున్నారు. జనం మద్దతుతో నిలబడి, 1976లో అందరికీ తెరుచుకుంది. 1984లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. గీత గీసినట్టు కట్టిన ఊళ్లో జనం ఎగబడి చూసేది గీత దాటినవాడి పనిని. డ్యూటీ అయ్యాక తన ఇష్టంతో చేసిన పని అది. నా రెజ్యూమెలో అలాంటిది ఒక్క లైనూ లేదు.

మధ్యాహ్నం సెక్టార్ 17. వాహనాలు రాని పెద్ద ప్లాజా, చుట్టూ బ్రాండెడ్ షాపులు. నేను చూసి వచ్చేశానంతే. కొన్నది సెక్టార్ 22 శాస్త్రి మార్కెట్‌లో. అక్కడ బేరమాడాలి. వచ్చీరాని హిందీలో బేరమాడి అమ్మకి ఫుల్కారీ దుపట్టా తీసుకున్నాను. ముందురోజు ఇంగ్లీషులో నోరు పెగలని నేనేనా అనిపించింది.

టీ కొట్టు దగ్గర హిమాచల్ నుంచి వచ్చిన కుర్రాడు కలిశాడు. ‘సెక్టార్లలో అద్దెలు ఎక్కువ భయ్యా, మేం ముగ్గురం ఖరడ్‌లో ఉంటున్నాం, రోజూ బస్సే’ అన్నాడు. అందమైన ఊరు కూడా అందరికీ ఒకేలా ఉండదు. ఒక సెక్టార్ నుంచి ఇంకో సెక్టార్‌కి నడిస్తే కారున్నవాళ్ల ఊరిలా తోస్తుంది. ఆఫర్ లెటర్‌లో జీతం ఉంటుంది గానీ ఇవన్నీ ఉండవు. చేరకముందే తెలుసుకుంటే మంచిది కదా.

తిరిగొచ్చాక ఆ ఏడు రకాల రోడ్ల గురించి తెలుగులో రెండు పేజీలు రాశాను. నా బ్లాగ్‌లో అదే మొదటి పోస్టు. నాలుగు నెలల తర్వాత హైదరాబాద్‌లో ఇంకో ఇంటర్వ్యూలో దాదాపు అదే ప్రశ్న. ఈసారి చండీగఢ్ చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి విన్నారు. ఉద్యోగం దానివల్లే వచ్చిందని చెప్పను. కోడింగ్ రౌండ్ కూడా బాగానే చేశాను. కానీ ఆ రోజు అప్పజెప్పలేదు, మాట్లాడాను.

అందరి జేబులూ ఒకేలా ఉండవని తెలుసు. అప్పు చేసి తిరగమని చెప్పను. టికెట్ బుక్ చేసేటప్పుడే వీలైతే ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. ఇంత మించి ఖర్చు పెట్టనని ముందే అనుకోండి. సిటీ బస్సెక్కండి. ఒక మంచి చోటు, ఒక బజారు, మీరు ఉండగలిగే అద్దెలున్న ఒక పేట చూడండి. చండీగఢ్ అయితే సోమవారం వద్దు, సెక్టార్ 10 మ్యూజియం మూసేస్తారు. నాకు అలాగే మిస్సయింది.

ఆ దుపట్టా అమ్మ ఇప్పటికీ పెళ్లిళ్లకి వేసుకుంటుంది. ఎక్కడిదని ఎవరైనా అడిగితే, ‘మావాడు ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు తెచ్చాడు’ అంటుంది. ఆ ఉద్యోగం రాలేదన్న సంగతి ఎవరూ అడగరు.