ఆట ముగిసిన తరువాత

1958 మార్చి 12. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో సిన్సినాటి రాయల్స్ జట్టు ఆ యేటి లీగు పోటీలలో చివరిది ఆడుతున్నది. బుట్టవైపు దూసుకుపోతున్న మారిస్ స్టోక్స్ అదుపు తప్పి పడిపోయాడు. తల నేలకు బలంగా తగిలి స్పృహ కోల్పోయాడు. ఘాటైన వాసన చూపించి అతనిని తెప్పరిల్లజేశారు. అతడు లేచి మళ్ళీ ఆడాడు. ఆ దెబ్బను ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

స్టోక్స్ 1933లో పిట్స్‌బర్గ్ సమీపాన జన్మించిన నల్లజాతి యువకుడు. 6 అడుగుల 7 అంగుళాల భారీ విగ్రహమైనా, బంతిని నడిపించడంలో, అందించడంలో చిన్న ఆటగాళ్ళకు తీసిపోని చురుకుదనం అతనిది. 1956లో లీగులో ఉత్తమ నూతన క్రీడాకారుడుగా ఎన్నికైనాడు. బుట్టలో పడక తిరిగివచ్చే బంతిని ఒడిసిపట్టడంలో మరుసటి సంవత్సరం అతడే ప్రథముడు. ఆడిన మూడేళ్ళూ ఆల్‌స్టార్ జట్టులో స్థానం పొందాడు.

దెబ్బ తగిలిన మూడవనాడు డెట్రాయిట్‌లో మరొక పోటీ ఆడి, తిరుగు ప్రయాణంలో విమానంలోనే అస్వస్థుడైనాడు. ఆపై అపస్మారకంలోకి జారిపోయాడు. తిరిగి స్పృహ వచ్చేసరికి శరీరమంతా చచ్చుబడింది. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. అప్పటికి అతని వయస్సు 24 సంవత్సరాలు.

ఆ రోజులలో ఆటగాళ్ళకు ఇటువంటి ఆపదలో ఆదుకొనే ఏర్పాటు లేదు. వైద్యానికి డబ్బు నీళ్ళవలె ఖర్చవుతున్నది. స్టోక్స్ కూడబెట్టిన సొమ్ము బ్యాంకులోనే ఉన్నా, సంతకం చేయడానికి చేయి కదలదు. అతని తరఫున వ్యవహరించడానికి చట్టం అంగీకరించే మనిషి ఒకరు కావాలి.

ముందుకు వచ్చినవాడు జాక్ ట్వైమన్. అదే జట్టువాడు, తెల్లజాతివాడు, వయస్సులో స్టోక్స్ కంటె దాదాపు ఒక యేడు చిన్న. అంతకుముందు వారిద్దరూ ప్రాణస్నేహితులేమీ కారు. అయినా న్యాయస్థానం ద్వారా అతడు స్టోక్స్‌కు సంరక్షకుడైనాడు. ఆటస్థలంలో తగిలిన దెబ్బ ఉద్యోగంలో తగిలిన దెబ్బేనని వాదించి, కార్మికులకు దక్కే నష్టపరిహారాన్ని ఇప్పించాడు. అదీ చాలకపోతే న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండలలో ఏటా సహాయార్థం ఒక పోటీ ఏర్పాటు చేశాడు. విల్ట్ చాంబర్లేన్ వంటి మేటి ఆటగాళ్ళు సైతం అక్కడికి వచ్చి ఆడారు.

మాట రాని స్టోక్స్‌తో సంభాషణ జరిపిన తీరు తెలిస్తే మనసు కరుగుతుంది. ట్వైమన్ అక్షరమాల వరుసగా చదివేవాడు. కావలసిన అక్షరం రాగానే స్టోక్స్ కనురెప్ప వాల్చేవాడు. అక్షరం వెంట అక్షరంగా ఒక మాట, మాట వెంట మాటగా ఒక వాక్యం!

ఇంతటి బాధ్యత నెత్తిన ఉండగానే ట్వైమన్ 1959–60లో పోటీకి సగటున 31.2 పాయింట్లు సాధించాడు. 1966లో ఆట విరమించాడు; సంరక్షణ విరమించలేదు. 1970 ఏప్రిల్ 6న, 36వ యేట, స్టోక్స్ గుండెపోటుతో కన్నుమూసేవరకు అది సాగింది. ఆ కాలం 12 సంవత్సరాలు.

2004లో బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో స్టోక్స్‌కు స్థానం లభించినప్పుడు, అతని పక్షాన ఆ గౌరవాన్ని అందుకొన్నవాడు ట్వైమనే. 2012లో అతడూ గతించాడు. మరుసటి యేడు నుంచి లీగువారు ఉత్తమ సహచరునికి ఇద్దరి పేర్లూ కలిపిన బహుమతి ఇస్తున్నారు. నేడు తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం కలిగితే చాలు, వైద్యులు పరీక్షించి సరేననేదాకా ఆడనివ్వరు.

అనువాదం చేసే నావంటివారికి ‘టీమ్‌మేట్’ అన్న ఇంగ్లీషు మాట చిక్కేమీ కాదు. జట్టులోని తోటివాడు అంటే సరిపోతుంది. తెలుగులో ‘సహచరుడు’ అంటే మాత్రం వెంట నడిచేవాడని అర్థం. ట్వైమన్ కథ చదివాక నాకు ఈ రెండవ మాటే తగినదనిపించింది. నడవలేని మనిషి పక్కన అతడు పన్నెండేళ్ళు నడిచాడు.