ఆవలి ఒడ్డు చుట్టరికము



సిరొంచలో మనము పరాయివారమా అని పిల్లలు అడుగుచుందురు. 1860లో నైజాము ప్రభువు ఈ సీమను ఇంగ్లీషువారికి అప్పగించినాడు. 1874 వరకు సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. పిదప చాందా జిల్లాలో చేరినది. 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు, 1982లో కొత్త గడ్చిరోలి జిల్లాకు మారినది. మనము కదలకుండగనే హద్దులు కదిలినవి.

నది ఆవలినుండి కోడలిగా వచ్చిన ఒక పెద్దమ్మను ఎరుగుదును. ఏడు పదులు దాటినవి. నలుగురు బిడ్డలను మరాఠీ బడిలో చదివించినది. ఇంట అ ఆలు తానే దిద్దించినది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు పన్నెండు దినములూ యాత్రికులకు మంచినీళ్లందించినది. అట్టి ఆమె పింఛను దరఖాస్తు తిరిగివచ్చినది. ఒక కాగితములో పేరుతో తండ్రి పేరు, మరొకదానిలో భర్త పేరు! మరాఠీ పద్ధతిలో నడిమి పేరు తప్పదు. మనకు ఇంటిపేరు, పేరు, అంతే. రెండు పేర్లూ ఒకరివేనని చిన్నకొడుకు ప్రమాణపత్రము వ్రాయించి మరల దాఖలు చేసినాడు, పింఛను మంజూరైనది. ఇప్పుడు వీధివారి సాత్‌బారా కాగితములన్నీ అతడే చదివి తెలుగులో చెప్పుచున్నాడు.

కనుక నా మనవి: రెండు లిపులు వచ్చినవారు ఆదివారము ఒక్క గంట అరుగుమీద కూర్చుండండి. పెద్దల దరఖాస్తులు మరాఠీలో వ్రాసిపెట్టండి. పిల్లలచేత తెలుగు దిద్దించండి. శుభలేఖ చదువలేని పిల్లవానికి ఆవలి ఒడ్డు చుట్టరికము ఎన్నాళ్లు నిలుచును?