అందులో మనదెంత?

10వ తరగతి విద్యార్థిని

మా బడిలో వక్తృత్వ పోటీ పెట్టినారు. విషయం "మా తాలూకా, మా గర్వం". నేను పావగడ సోలార్ పార్కు గురించి మాట్లాడినాను. ఐదు పల్లెలు, దాదాపు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు, శక్తిస్థల అని పేరు, 2018 మార్చి 1న మొదటి విడత ప్రారంభం, 2019 చివరికి మొత్తం పూర్తి అని అంకెలన్నీ గడగడా చెప్పినాను. బహుమతి కూడా వచ్చింది. ఇంటికి పోయి అమ్మకు అదే ఉపన్యాసం మళ్లీ వినిపించినాను. అమ్మ అంతా విని ఒక్క మాట అడిగింది.

"బాగుంది పాపా. అందులో మనదెంత?"

నాకు జవాబు తెలియలేదు. మాకు భూమి లేదు. మా అమ్మ కూలి మనిషి. ఎంత ఆలోచించినా "ఏమీ లేదమ్మా" అనడం తప్ప వేరే మాట దొరకలేదు. ఆ రోజునుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకు రాయాలంటే, పార్కును ఇంకా వేల ఎకరాలకు పెంచుతామని ప్రభుత్వం చెబుతోంది. పెంచితే కొత్త గుత్త పత్రాలు, కొత్త కరెంటు కొనుగోలు ఒప్పందాలు వస్తాయి. ఇటువంటి ఒప్పందం ఒకసారి రాస్తే 25 ఏళ్లు నడుస్తుంది. అడగాల్సింది సంతకాలకు ముందే. నేను అడిగేది ఒకటే: ఇకమీదట మన తాలూకాలో పుట్టే ప్రతి యూనిట్ కరెంటు మీద ఒక్క పైసా, భూమి లేనివాళ్లతో సహా పల్లె మొత్తానికి వాటాగా రాయాలి. దానంగా కాదు, హక్కుగా.

ముందే ఒక మాట చెప్తాను. నేను సోలార్‌కు వ్యతిరేకం కాదు. బొగ్గు కాల్చకుండా కరెంటు వస్తోందంటే అది మంచిదే. మనది కరువు తాలూకా. వాన నమ్ముకుంటే వాన రాదు, బోరు వేస్తే నీళ్లు పడవు, పడినా ఫ్లోరైడ్ నీళ్లు. అటువంటి చోట మన ఎండకు కూడా ధర కట్టినారు. ఇంకో మంచి సంగతి కూడా ఉంది. తిరుమణి, వళ్లూరు, బళసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు పల్లెల్లో రైతుల భూమిని లాక్కోలేదు, కొనలేదు. 2015లో ఏర్పడిన కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 28 ఏళ్లకు గుత్తకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. పహణి రైతు పేరుమీదే ఉంటుంది. దేశంలో చాలా చోట్ల భూమి పోగొట్టుకున్న రైతుల కథలు వింటాము. దానితో పోలిస్తే ఇది ఎంతో మేలు. ఐదెకరాలున్న ఇంటికి ఏడాదికి 1,05,000 రూపాయలు, వాన వచ్చినా రాకున్నా. అట్లాంటి ఇంటి పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. వాళ్లు బాగుండటం నాకు సంతోషమే.

అయితే గుత్త పత్రంలో రైతు పేరు రాసే గడి ఉంది. కూలి మనిషి పేరు రాసే గడి లేదు.

నేను చిన్నగా ఉన్నప్పుడు జరిగిన సంగతి అమ్మ చెప్పింది. ఏటా పని ఇచ్చే చేని ఆసామి ఇంటికి పోయి "ఈ ఏడు చెనిక్కాయ ఎప్పుడేస్తారన్నా?" అని అడిగిందంట. ఆయన "చేను సోలార్‌కు ఇచ్చేసినాం మ్మా. ఇంక మాకు సేద్యం లేదు" అన్నాడంట. ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఎన్ని పోయినాయో లెక్కపెట్టండి. చెనిక్కాయ చేనంటే విత్తనం ఒలిచే పని, కలుపు తీసే పని, చెట్టు పెరికే పని, కాయ విడిపించే పని. పంట ఎత్తినాక పరిగె ఏరుకుంటే ఇంటికి నూనెకు సరిపడా కాయలు. మా తాతకు గొర్లు ఉండేవి. బీడులో మేత, చేల్లో చెనిక్కట్టె. చేలకు కంచె పడినాక మేపను తావు లేక తాత గొర్లు అమ్మేసినాడు. సేద్యం మీద బతికేది పహణిలో పేరున్నవాళ్లు మాత్రమే కాదు. ఒక చేను వెనక నాలుగైదు ఇండ్లు ఉంటాయి.

పార్కులో పనులు లేవా అంటే ఉన్నాయి. ప్యానెళ్లు తుడిచే పని, గడ్డి కోసే పని, కావలి పని. కట్టేటప్పుడు చాలామందికి దొరికింది. కట్టడం అయిపోయినాక ఎకరాలకు ఎకరాలు కొద్దిమందే చూసుకుంటారు. సోలార్ గొప్పతనమే అది, ఎండ తన పని తాను చేసుకుంటుంది. కాబట్టి పోయిన కూలి దినాలను పార్కు ఉద్యోగాలు పూడ్చలేవు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మొదటి రేటుతో 13,000 ఎకరాలకు గుత్త ఏడాదికి 27 కోట్ల 30 లక్షలు. అది భూమి ఉన్నవాళ్లకు. భూమి లేనివాళ్లకు ఒప్పందంలో సున్న. ఆ గుత్త కూడా రెండేళ్లకు 5 శాతం, అంటే ఏడాదికి రెండున్నర శాతమే పెరుగుతుంది. ధరల పెరుగుదలకు మన రిజర్వ్ బ్యాంకు పెట్టుకున్న లక్ష్యమే 4 శాతం. అంటే 28 ఏళ్లలో రైతు గుత్త కూడా లోలోపల కరిగిపోతుంది. భూమి ఉన్న అన్నలారా, ఇది మీకూ సంబంధించిన విషయమే.

"ఇట్లాంటి వాటా ఎక్కడైనా ఉందా? ఊరికే అడిగితే ఇస్తారా?" అని మీరు అడగవచ్చు. ఉంది. ఏరు మీద డ్యామ్ కట్టి కరెంటు తీస్తే, 2008 నాటి కేంద్ర జల విద్యుత్ విధానం ప్రకారం 1 శాతం కరెంటు ఆ ప్రాంత అభివృద్ధి నిధికే పోవాలి. నష్టపోయిన ఒక్కో కుటుంబానికి పదేళ్లపాటు నెలకు 100 యూనిట్లు ఇవ్వాలని కూడా అందులో ఉంది. గనుల సంగతి చూడండి. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ నిధి పెట్టించినారు. గని యజమాని ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి తోడు, అందులో 10 నుంచి 30 శాతం వరకు ఈ నిధికి కట్టాలి. మనకు దగ్గరలోని బళ్లారిలో ఆ నిధి ఉంది. ఆ చట్టం "భూమి యజమానులు" అనలేదు, గనుల వల్ల ప్రభావితమైన మనుషులు, ప్రాంతాలు అన్నది.

నీళ్లతో కరెంటు తీస్తే వాటా ఉంది. మట్టి తవ్వితే వాటా ఉంది. ఎండతో కరెంటు తీస్తే మాత్రం ఎందుకు లేదు? ఎండ ఎవరి సొత్తూ కాదంటారు. మరి ఏరు ఎవరి సొత్తు?

ఒక పైసా అంటే ఎంతో మా లెక్కల సారును అడిగి లెక్క వేసినాను. ఏడాదికి 8,760 గంటలు. రాత్రి, మబ్బు అన్నీ తీసేస్తే సోలార్ నిండుగా పనిచేసేది సుమారు ఐదో వంతు. అంటే ఒక మెగావాట్‌కు ఏడాదికి 17 లక్షల 50 వేల యూనిట్లు. 2,050 మెగావాట్లకు దాదాపు 359 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు ఒక పైసా వేస్తే ఏడాదికి మూడున్నర కోట్ల రూపాయలు! ఇప్పుడు నడుస్తున్న ఒప్పందాలను మార్చడం కష్టమని నాకు తెలుసు. కానీ కొత్తగా అంతే పెద్ద పార్కు వస్తే, అంత డబ్బు ప్రతి ఏడూ వస్తుంది. భూమి లేని ఇండ్లకు నెలనెలా కొంత భృతి, గొర్లకు మేత బీడు, ఆడపిల్లల పై చదువు, ఫ్లోరైడ్ లేని నీళ్లు. ఏది ముందో గ్రామసభ తేల్చుకోవాలి.

దీనికి జనం చెప్పే అడ్డు మాటలు కూడా విన్నాను.

"కరెంటు ధర పెరుగుతుంది" అంటారు. ఈమధ్య దేశంలో సోలార్ వేలాల్లో యూనిట్ ధర రెండున్నర, మూడు రూపాయల దగ్గర ఉంటోంది. అందులో ఒక పైసా అంటే మూడువందల భాగాల్లో ఒక భాగం. నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు, ఆ కరెంటంతా మన పార్కునుంచే వచ్చినా, రెండు రూపాయలు ఎక్కువ కట్టాలి. బెంగళూరులో ఒక చాక్లెట్ ఖరీదు.

"మీకు గృహజ్యోతి కింద కరెంటు ఉచితమే కదా" అంటారు. నిజమే, 2023 నుంచి నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇండ్లకు బిల్లు లేదు. కానీ అది రాష్ట్రమంతటికీ ఉంది. బెంగళూరులో ఉన్నవాళ్లకూ, మాకూ ఒకటే. కూలి పోయింది మాకు, వాళ్లకు కాదు. అందరికీ ఇచ్చేది పథకం. మేము పోగొట్టుకున్నదానికి ఇచ్చేది వాటా. రెండూ ఒకటి కావు.

"కంపెనీలు బడి గదులు కట్టిస్తాయి, నీళ్ల యంత్రాలు పెడతాయి" అంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజ సేవకు పెట్టాలి. కానీ ఆ డబ్బు ఏ ఊర్లో, దేనికి పెట్టాలో తేల్చేది కంపెనీయే. ఇస్తే చప్పట్లు కొట్టాలి, ఇవ్వకపోతే అడగలేము. మా అమ్మ కూలి డబ్బులు అడిగి తీసుకున్న మనిషి. దండం పెట్టి తీసుకోవడం ఆమెకు అలవాటు లేదు.

"ఎక్కువ అడిగితే కంపెనీలు రాజస్థాన్ పోతాయి" అంటారు. కంపెనీలు ఇక్కడికి వచ్చింది మన ముఖం చూసి కాదు. ఎండ ఉంది, చదును భూమి ఉంది, సబ్‌స్టేషన్లు, పెద్ద కరెంటు లైన్లు ఉన్నాయి. ఒక పైసా కోసం వాటిని వదిలిపోరు.

మరి ఎవరిని అడగాలి? ఇది చాలామందికి తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు. కంపెనీలు అమ్మే కరెంటును కొనేది బెస్కాం వంటి సంస్థలు. ఆ కొనుగోలు మీద, మన బిల్లు రేటు మీద కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ తీర్పు చెప్తుంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం రేటు ఖరారు చేసేముందు ప్రజల సలహాలు, అభ్యంతరాలు కమిషన్ పరిశీలించాలి. ప్రజలంటే వకీళ్లు, కంపెనీలవాళ్లే కాదు, మా అమ్మ కూడా. ఇక టెండర్ షరతుల్లో ఏం రాయాలో తేల్చేది రాష్ట్ర ప్రభుత్వం. అందుకే అర్జీ రెండు చోట్లకూ పోవాలి.

భాష రాదని భయపడే అమ్మలకు, అవ్వలకు ఒక సంగతి చెప్తాను. మనం కన్నడం నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నాము కూడా, అది మన రాష్ట్ర భాష. అయితే రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మన కష్టం గురించి ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. మూడు దిక్కులా ఆంధ్ర ఉన్న మన తాలూకాలో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు. మనం తెలుగు మీడియంలో చదివింది పరీక్ష రాయడానికి మాత్రమేనా? మన ఇంటి పెద్దల మాట కాగితం మీద పెట్టడానికి కూడా.

కాబట్టి నేను మూడు అడుగుతున్నాను. ఒకటి, కొత్త భూమి తీసుకునేముందు ఆ పల్లెలో కూలి మీద, గొర్ల మీద బతికే ఇండ్ల పట్టిక గ్రామసభలో రాసి చదవాలి. రెండు, కొత్త టెండర్లలో యూనిట్‌కు ఒక పైసా పల్లె వాటా షరతుగా పెట్టాలి. మూడు, కమిషన్ విచారణ ఒకటైనా పావగడలో జరగాలి, అక్కడ తెలుగులో మాట్లాడినా రాసుకోవాలి.

భూమి ఉన్న తల్లిదండ్రులకు నా మనవి: సంతకం పెట్టేముందు మీ చేలో పనిచేసినవాళ్లను ఒకసారి గుర్తు చేసుకోండి, గ్రామసభలో వాళ్ల తరఫున ఒక మాట అనండి. మా ఉపాధ్యాయులకు మనవి: అర్జీ ఎట్లా రాయాలో మాకు నేర్పించండి. స్నేహితులకు మనవి: మీ ఇంటి సంగతి మీరే రాయండి, నేను ఒక్కదాన్ని రాస్తే అది వ్యాసం, నూరు మంది రాస్తే అది అర్జీ.

మొదటి అర్జీ అమ్మ చెప్తుంటే నేను రాసినాను. చివర్లో అమ్మ తన పేరు తానే రాసింది. నాలుగు అక్షరాలకు చాలాసేపు పట్టింది. "ఇప్పుడైనా జవాబు చెప్తారా పాపా?" అని అడిగింది. చెప్పేదాకా అడుగుదామని చెప్పినాను.